గాజు ట్యాంకులో పాముకి కొమ్మలు ఎలా అమర్చాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఒక కార్న్ స్నేక్ ఉంది. వయసు ఏడేళ్లు, ఆడది, పొడవు నాలుగడుగుల పైచిలుకు. మొక్కజొన్న పేరున్న పాము కదా అని మా అమ్మాయి దానికి కంకి అని పేరు పెట్టింది. మేముండేది డాలస్ పక్కన. మా చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలు పాము కావాలని పట్టుబడితే, చివరికి ఆ తల్లిదండ్రులు ఫోన్ చేసేది నాకే. వాళ్లు అడిగేవాటిలో సగం కొమ్మల గురించే ఉంటాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కొలతలన్నీ కార్న్ స్నేక్‌ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి.

కార్న్ స్నేక్ నేల మీద తిరిగే పామే కదా, కొమ్మలు నిజంగా అవసరమా?

అవసరమే. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో, పొలాల్లో ఉండే పాము ఇది. శాస్త్రీయ నామం పాంథెరోఫిస్ గుట్టాటస్. ఎలుకల కోసం పాత కొట్టాల్లో తిరుగుతుంది, పక్షి గూళ్ల కోసం చెట్లెక్కుతుంది. మన జెర్రిపోతు, ఇది ఒకే కుటుంబానికి చెందినవి. జెర్రిపోతు చెట్టు మీదికో, పెంకుటింటి దూలం మీదికో చకచకా పాకిపోవడం ఊళ్లో చూసినవాళ్లకి ఈ మాట ఆశ్చర్యంగా అనిపించదు.

దాని ఒళ్లే ఎక్కడానికి తగ్గట్టు ఉంటుంది. అడ్డంగా చూస్తే బ్రెడ్డు ముక్క ఆకారం: పైన గుండ్రం, కింద చదును. పొట్ట వైపు పొలుసులు పక్కలకి మళ్లే చోట సన్నటి అంచు ఉంటుంది. బెరడు గరుకుని పట్టుకునేది ఆ అంచే. రాత్రి లైట్లు తీసేశాక కంకి ఎక్కడం చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ముందు గడ్డాన్ని బెరడు మీద ఆనించి, నాలుక ఆడిస్తూ కాసేపు అలాగే ఉంటుంది. తర్వాత మెడ వెనక భాగాన్ని ఒక మెలిక తిప్పి బిగిస్తుంది, మిగతా ఒంటిని పైకి లాక్కుంటుంది, మళ్లీ మెలిక. ఎండు బెరడు మీద పొలుసులు రాసుకునే చిన్న గరగర శబ్దం నిశ్శబ్దంగా ఉంటే వినిపిస్తుంది.

నేల ఒక్కటే ఉన్న ట్యాంకులో పాముకి ఇంత పని ఉండదు. తిని పడుకోవడమే మిగులుతుంది, కొవ్వు పడుతుంది. పెంపుడు కార్న్ స్నేక్ 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అన్నేళ్లు దాన్ని ఒక అంతస్తులోనే ఉంచేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అన్ని పాములకీ ఇలాగే పెట్టాలా?

లేదు. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. బరువైన ఒళ్లు, పగలు బొరియల్లో ఉంటుంది. అయినా ఎక్కుతుంది, ముఖ్యంగా మగవి, చిన్నవి. కాకపోతే దిగడంలో మొద్దుగా ఉంటుంది, జారిపడుతుంది. దానికి లావుగా, వెడల్పుగా, అడుగు, అడుగున్నర ఎత్తులో ఉండే కొమ్మ చాలు. న్యూగినీ, ఆస్ట్రేలియా ఉత్తర కొసలో దొరికే గ్రీన్ ట్రీ పైథాన్‌ది పూర్తిగా వేరే లెక్క. దాని బతుకంతా కొమ్మ మీదే, అడ్డంగా ఉన్న కొమ్మకి చుట్టలు వేలాడేసి కూర్చుంటుంది. దానికి కొమ్మలు నేలకి సమాంతరంగా, వేర్వేరు ఎత్తుల్లో ఉండాలి. పాముతో సహా కొమ్మని బయటికి తీయగలిగేలా అమర్చాలి, ఎందుకంటే కొమ్మని పట్టుకున్న ఆ పాముని బలవంతంగా లాగితే గాయపడుతుంది. కెన్యా శాండ్ బోవా ఇసుకలో దూరి ఉండే పాము, దానికి కొమ్మల మీద పెట్టే శ్రమ అనవసరం.

కొమ్మ ఎంత లావు ఉండాలి?

పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటు ఎంత ఉందో, ప్రధాన కొమ్మ దాదాపు అంతే ఉండాలి, లేదా ఒకటిన్నర రెట్లు. పెద్ద కార్న్ స్నేక్‌కి అంగుళం నుంచి రెండంగుళాలు. దానికి తోడు సన్నవి, లావువి కలిపి ఇంకో రెండు మూడు పెట్టండి. అన్నీ ఒకే లావుంటే ఒకే కండరాలకి పని పడుతుంది.

లావు కంటే నేను ఎక్కువగా చూసేది గరుకుని. నున్నగా చెక్కిన గుండ్రటి కర్రలు షాపులో అందంగా కనిపిస్తాయి, పాముకి మాత్రం పట్టు దొరకదు. నున్నటి లావు స్తంభం ఎక్కాలంటే పాము చాలా కష్టపడాలి. గ్వామ్ దీవిలోని బ్రౌన్ ట్రీ స్నేక్ అలాంటి స్తంభాలకి తన ఒంటినే ఉచ్చులా చుట్టి పైకి పాకుతుందని 2021లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ పాముకే అది నెమ్మదిగా, ఆయాసపడుతూ చేసే పని. మన ట్యాంకులో పాముకి ఆ పరీక్ష ఎందుకు? బెరడు గట్టిగా అతుక్కుని ఉన్న కొమ్మ తీసుకోండి. వట్టి కర్రే దొరికితే దానికి జనపనార తాడు దగ్గర దగ్గరగా చుట్టండి.

పాము పట్టుకునే చోటల్లా కొమ్మ మీద చేతిని ఒకసారి ముందుకీ వెనక్కీ పోనివ్వండి. మీ అరచేతికి గుచ్చుకునేది ఏదైనా పాము పొట్టకీ గుచ్చుకుంటుంది. అక్కడ మాత్రం ఉప్పు కాగితంతో రుద్దండి. మొత్తం నున్నగా చేయకండి.

పెరట్లో కొమ్మ కోసుకోవచ్చా? ఏ చెట్టు మంచిది?

కోసుకోవచ్చు, చాలామందిమి అదే చేస్తాం. ఓక్, మేపుల్, యాపిల్, బర్చ్ కొమ్మలు బాగుంటాయి. మా వైపు ప్రతి ఇంటి ముందూ ఉండే క్రేప్ మర్టల్ కొమ్మలు కూడా వాడతాం, కాకపోతే నున్నగా ఉంటాయి కాబట్టి తాడు చుట్టాలి. షాపులో దొరికేవాటిలో మాంజనీటా, మోపానీ, కార్క్ బెరడు మంచివి. ద్రాక్ష తీగ మొద్దు చూడటానికి బాగుంటుంది కానీ తేమ తగిలితే త్వరగా బూజు పట్టి పుచ్చిపోతుంది.

సీడర్ వద్దే వద్దు. దాని ఘాటు వాసనలో ఉండే నూనెలు మూసిన ట్యాంకులో పాము ఊపిరితిత్తులకి హాని చేస్తాయి. జిగురు కారే పచ్చి పైన్, యూకలిప్టస్ కూడా అదే కారణంతో వద్దు. గన్నేరు ఆకు నుంచి కర్ర దాకా విషమే, టెక్సస్ పెరళ్లలో గన్నేరు చాలా కనిపిస్తుంది కాబట్టి విడిగా చెబుతున్నాను. పేరు తెలియని చెట్టు కొమ్మ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

ఎక్కడిదన్నది కూడా ముఖ్యం. పురుగుల మందు కొట్టిన చెట్టు, పెద్ద రోడ్డు పక్క చెట్టు పనికిరావు. అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల్లో మందు ఎప్పుడు కొట్టారో మనకి తెలియదు, ఆఫీసులో అడగండి. టెక్సస్ వాళ్లకి ఇంకో మాట: ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ చెట్లు నరకవద్దని ఇక్కడి అటవీ శాఖ చెబుతుంది. ఆ నెలల్లో పచ్చి గాయం మీద వాలే పురుగుల ద్వారా ఓక్ విల్ట్ అనే జబ్బు తెచ్చే శిలీంధ్రం చెట్టు నుంచి చెట్టుకి పాకుతుంది. మన కొమ్మ కోసం పక్కింటివాళ్ల నలభై ఏళ్ల చెట్టు ఎండిపోకూడదు. గాలివానకి విరిగిపడిన కొమ్మ, ఆరోగ్యంగా ఉన్న చెట్టుదైతే, తెచ్చుకోండి.

తెచ్చిన కొమ్మని ఎలా శుభ్రం చేయాలి?

ముందు ఊడివచ్చే బెరడంతా తీసేయండి. పురుగులు దాక్కునేది దాని కిందే. గట్టి బ్రష్‌తో వేడి నీళ్లలో తోమండి, సబ్బు వద్దు, కర్ర పీల్చేసుకుంటుంది. విరిచి చూస్తే లోపల పొడి రాలుతున్నా, సన్నటి కన్నాలున్నా ఆ కొమ్మ పారేయండి.

తర్వాత వేడి. ఓవెన్‌లో పట్టే కొమ్మ అయితే 250 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 120 సెల్సియస్‌లో, లావుని బట్టి అరగంట నుంచి గంట. కొమ్మ లోపల ఉన్నంతసేపూ వంటగదిలోనే ఉండండి, మధ్యలో రెండు మూడుసార్లు తిప్పండి. పొగ వాసన వస్తే వెంటనే ఆపేయండి. పచ్చి కొమ్మని ఓవెన్‌లో పెడితే పగిలిపోతుంది, ముందు కొన్ని వారాలు నీడలో ఆరనివ్వండి.

ఓవెన్‌లో పట్టనిదైతే బాత్ టబ్‌లో పెట్టి మరిగే నీళ్లు పోయండి, రెండు మూడు విడతలుగా. బ్లీచ్ వాడేవాళ్లు ఒక పాలు బ్లీచ్‌కి పది పాళ్లు నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి, తర్వాత మంచినీళ్లలో ఒక రోజంతా నానబెట్టి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే బ్లీచ్ వాసన రవ్వంత కూడా రాకూడదు. వస్తే మళ్లీ నానబెట్టండి.

ఇంకెవరో పాము పెట్టుకున్న ట్యాంకులోంచి వచ్చిన పాత కొమ్మ ఇస్తానంటే నేనైతే తీసుకోను. పాముల రక్తం తాగే చిన్న నల్లటి మైట్లు బెరడు సందుల్లో గుడ్లు పెడతాయి. ఒకసారి ఇంట్లోకి వస్తే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

గాజుకి స్క్రూ దిగదు కదా, కొమ్మని ఎలా నిలబెట్టాలి?

అసలు ప్రశ్న ఇదే. కొమ్మ ఎంత మంచిదైనా కదిలితే పనికిరాదు. పాము తన బరువంతా దాని మీద నమ్మకంగా వేస్తుంది. ఆ నమ్మకానికి తగ్గట్టు కొమ్మ ఉండాలి.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను. మంచి ఓక్ కొమ్మ ఒకటి తెచ్చి, పై కొసని గాజు మూలకి ఆనించి, కింది కొసని చెక్క పొట్టులోకి గుచ్చి వదిలేశాను. చేత్తో కదిపితే గట్టిగానే ఉంది. రెండు వారాల తర్వాత అర్ధరాత్రి దాటాక ఠప్పుమని శబ్దం. లేచి చూస్తే కొమ్మ జారి నీళ్ల గిన్నె మీద పడి ఉంది. కంకి ఆ ముందు గంటల్లో కొమ్మ మొదట్లో పొట్టు కింద సొరంగం చేసింది, అడుగు ఖాళీ అయిపోయింది. దాని తోకకి రెండంగుళాల పక్కన పడింది కొమ్మ. దెబ్బ తగల్లేదు, కానీ తర్వాత రెండు వారాలు గూట్లోంచి బయటికి రాలేదు, ఒక పూట ఎలుక కూడా ముట్టలేదు.

అందుకే మొదటి నియమం: బరువున్నది ఏదైనా ట్యాంకు గాజు అడుగుమీదే నిలబడాలి, పొట్టు మీద కాదు. ముందు కొమ్మలు, బండలు పెట్టి, ఆ తర్వాత చుట్టూ పొట్టు పోయండి. పాము ఎంత తవ్వినా ఏదీ కుంగదు.

ఇప్పుడు నేను వాడే పద్ధతి బండ పద్ధతి. హార్డ్‌వేర్ షాపులో తోటల్లో పరిచే అడుగు చదరపు సిమెంటు పలక తీసుకోండి. మన ఊళ్లో అయితే శాబాదు బండ ముక్క చక్కగా సరిపోయేది. రాయికి రంధ్రం చేసే మేసన్రీ బిట్‌తో మధ్యలో రెండు రంధ్రాలు వేయండి, ఒకటే వేస్తే కొమ్మ దాని చుట్టూ తిరిగిపోతుంది. రంధ్రాల అడుగు వైపుని కొంచెం వెడల్పు చేస్తే స్క్రూ తల లోపలికి దిగి కూర్చుంటుంది. కొమ్మ మొదలుని రంపంతో చదునుగా కోయండి. స్క్రూ కంటే సన్నటి బిట్‌తో కొమ్మలో ముందుగా దారి చేయండి, లేకపోతే కర్ర చీలుతుంది. తర్వాత బండ కింది నుంచి వాషర్ వేసి మూడంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు బిగించండి. మామూలు ఇనుప స్క్రూలు తేమకి తుప్పు పడతాయి.

ఆ బండని నేరుగా గాజు మీద పెట్టకండి. బండకీ గాజుకీ మధ్య ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా బరువంతా ఆ ఒక్క చుక్క మీద పడి గాజు పగలొచ్చు. కింద పలచటి కార్క్ షీటో, ఫోమ్ షీటో పరచండి. బండని లోపలికి దించేటప్పుడు ఇద్దరుంటే మంచిది.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు ఉన్నవాళ్లకి ఫ్రేమ్ పద్ధతి ఇంకా బాగుంటుంది. పెద్ద కార్న్ స్నేక్‌కి ఈ సైజు ఉండాలనే నా అభిప్రాయం కూడా. ట్యాంకు లోపలి కొలతల కంటే అరంగుళం తక్కువగా పీవీసీ పైపులతోనో చెక్క బద్దలతోనో మంచం పట్టెల్లాంటి చట్రం చేసి లోపల నిలబెట్టండి. కొమ్మలన్నీ ఆ చట్రానికే బిగుస్తాయి, గాజు మీద ఏ భారమూ పడదు. ముందు తలుపులున్న ట్యాంకైతే చట్రాన్ని ముక్కలుగా లోపలికి పంపి అక్కడే కలపాలి, కాబట్టి కొలతలు రెండుసార్లు తీసుకోండి.

కొమ్మని రెండు గాజు పలకల మధ్య బిగుతుగా ఇరికించడం మాత్రం చేయకండి. కొందరు కొమ్మని అంగుళం పొడవుగా కోసి విల్లులా వంచి ఇరికిస్తారు. ఆ ఒత్తిడి రోజూ గాజుని బయటికి తోస్తుంది, మూలల్లో అతుకులు వదులవుతాయి. గాజుకి రంధ్రం చేయడం గురించి కూడా అడుగుతుంటారు. వేడి చేసి గట్టిపరిచిన టెంపర్డ్ గాజుకి డ్రిల్ తగిలితే మొత్తం గవ్వల్లా రాలిపోతుంది. ఆ ఆలోచనే వద్దు.

గట్టిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పామును పెట్టేముందు, గాలన్ పాల డబ్బాలో నిండా నీళ్లు పోసి కొమ్మ చివర తాడుతో వేలాడదీయండి. అది దాదాపు 3.8 కిలోలు. పెద్ద కార్న్ స్నేక్ కిలో కంటే తక్కువే ఉంటుంది. ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున్న కొమ్మ వంగకుండా, బండ కదలకుండా, స్క్రూ దగ్గర పగులు లేకుండా ఉంటే పాముకి సిద్ధం. మా ఇంట్లో ఇప్పటికీ కొత్త కొమ్మ ఏది పెట్టినా ఈ పరీక్ష తప్పదు.

జిగురు, టేపు, జిప్ టైలు వాడొచ్చా?

టేపు ఎప్పుడూ వద్దు, ఏ రకమైనా సరే. పొలుసులకి అతుక్కుంటే తీసేటప్పుడు చర్మం ఊడివస్తుంది. పశువైద్యుల దగ్గరికి ఈ కారణంతోనే వచ్చే పాములున్నాయి.

గ్లూ గన్ జిగురు, ట్యాంకుని వెచ్చగా ఉంచే దీపం వేడికి మెత్తబడి వదిలేస్తుంది. అక్వేరియంలకి అమ్మే నూరు శాతం సిలికాన్ మంచిదే, కానీ బండని బండకి అతికించడానికి వాడండి. కర్రని గాజుకి అతికించి దాని మీద పాముని ఎక్కించేంత నమ్మకం దాని మీద పెట్టుకోవద్దు. వంటగది, బాత్రూమ్ కోసం అమ్మే బూజు నిరోధక సిలికాన్ వేరు, అందులో మందులు కలిపి ఉంటాయి. అతికించాక సిలికాన్ నుంచి వచ్చే వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం, పాముని లోపల పెట్టకండి.

రెండు కొమ్మల్ని కలిపి కట్టడానికి జిప్ టై పనికొస్తుంది. కత్తిరించిన కొస బ్లేడులా ఉంటుంది. దాన్ని మొదలంటా కోసి, పైన జనపనార తాడు చుట్టేయండి.

గాజుకి పట్టుకునే సక్షన్ కప్పులు నెలకో రెండు నెలలకో ఊడతాయి. అయస్కాంతంతో గాజుకి రెండు వైపులా పట్టుకునే చిన్న అరలు పిల్ల పాములకి బాగుంటాయి, పెద్దవాటికి కాదు.

దీపానికి కొమ్మ ఎంత దూరంలో ఉండాలి?

అంగుళాల్లో ఒకటే సమాధానం లేదు, బల్బుని బట్టి మారుతుంది. కొలవాల్సింది దూరాన్ని కాదు, వేడిని. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తీసుకుని, దీపం వెలిగించి రెండు గంటలయ్యాక కొమ్మ పైభాగాన్ని కొలవండి. కార్న్ స్నేక్‌కి వెచ్చటి చోటు 85 నుంచి 88 ఫారన్‌హీట్, అంటే 29 నుంచి 31 సెల్సియస్. చల్లటి వైపు 75 దగ్గర ఉండాలి.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. పాము కొమ్మ మీద చుట్టుకుని కూర్చుంటే దాని వీపు కొమ్మ కంటే ఇంకో రెండంగుళాలు దీపానికి దగ్గరవుతుంది. అందుకే నేను కొమ్మ మీద చుట్టిన తువ్వాలు పెట్టి దాని పైభాగాన్ని కొలుస్తాను, కొలవగానే తీసేస్తాను. నేల దగ్గర సరిగ్గా చూపిస్తున్న ట్యాంకులో కూడా అక్కడ పది డిగ్రీలు ఎక్కువ ఉండటం నేను చూశాను. దీపం ట్యాంకు లోపల ఉంటే జాలీ తొడుగు తప్పనిసరి. కాలుతున్నా పాము వెంటనే పక్కకి జరగదు, దాని మీదే పడుకుని ఒళ్లు కాల్చుకుంటుంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా ఏ దీపమూ వద్దు.

పంగల్లో, కన్నాల్లో ఇరుక్కుంటుందా?

ఇరుక్కుంటుంది, అందుకే కొనేటప్పుడే చూడాలి. ఇంగ్లిష్ అక్షరం వి లాగా కిందికి సన్నబడే పంగ ప్రమాదం. పాము బరువుతో జారి ఆ ఇరుకులోకి దిగుతుంది. అలాంటి పంగ అడుగుని కార్క్ ముక్కతో నింపేయండి.

కన్నాల విషయంలో లెక్క సులువు. తల కూడా దూరనంత చిన్నదై ఉండాలి, లేదా ఒళ్లు రెండింతలైనా దాటేంత పెద్దదై ఉండాలి. మధ్యస్తంగా ఉన్నవే చంపేవి. ఖాళీ కడుపుతో సులువుగా దూరిన కన్నంలో, ఎలుకను మింగిన మర్నాడు సగం దూరి ఆగిపోతుంది. ముందుకీ పోలేదు, పొలుసులు ఎదురు తిరగడంతో వెనక్కీ రాలేదు. అలా జరిగితే లాగకండి. వంటనూనె కానీ గోరువెచ్చటి నీళ్లు కానీ రాసి కొంచెం చూడండి. కదలకపోతే కర్రనే కోయాలి, అదీ వైద్యుడి దగ్గర.

పైనుంచి పడితే?

ఆరోగ్యంగా ఉన్న కార్న్ స్నేక్ రెండడుగుల ఎత్తు నుంచి పొట్టు మీద పడితే సాధారణంగా ఏమీ కాదు. కొమ్మ కింద మూడు నాలుగంగుళాల పొట్టు పోయండి, కొమ్మకి సూటిగా కింద, పొట్టు పైన బండలు, పింగాణీ గిన్నెలు పెట్టకండి. గుడ్లతో ఉన్న ఆడపాముకి, బాగా లావెక్కినదానికి, ముసలిదానికి కొమ్మల్ని కిందికి దించండి. పడ్డాక వీపులో వంపు కనిపించినా, తలకిందులు చేస్తే తిరగలేకపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా పాములు చూసే పశువైద్యుడికి చూపించండి.

కొమ్మల వల్ల తప్పించుకుపోదా?

మూత సరిగ్గా ఉంటే పోదు. కొమ్మ లేనప్పుడు మూత దాకా తల మాత్రమే అందే పాముకి, కొమ్మ ఉంటే ఒంట్లో సగం పైకొస్తుంది. కొమ్మకి బిగించి పట్టుకుని మూతని ఎత్తి తోస్తుంది. దాని బలం మీరు అనుకున్నదానికంటే ఎక్కువే. పైన తెరిచే ట్యాంకైతే నాలుగు మూలలా క్లిప్పులు పెట్టండి, ముందు తలుపులకి తాళం పెట్టండి. వైర్లు వెళ్లే సందుని ఫోమ్ ముక్కతో మూయండి. కొమ్మ పై కొస మూతకి తగలకుండా నాలుగంగుళాలైనా దూరం ఉంచండి.

కొత్త కొమ్మ మీద తెల్లటి బూజు వచ్చింది, తీసేయాలా?

కంగారు వద్దు. కొత్త కర్రలో మిగిలిన చక్కెరల మీద మొదటి వారాల్లో తెల్లటి దూది లాంటిది వస్తుంది. బయటికి తీసి, వేడి నీళ్లతో తోమి, ఎండబెట్టి మళ్లీ పెట్టండి. సాధారణంగా రెండు మూడుసార్లతో ఆగిపోతుంది. ఆగకపోతే తప్పు కొమ్మది కాదు, గాలి ఆడటం లేదు లేదా తేమ ఎక్కువైంది. కార్న్ స్నేక్‌కి 40 నుంచి 60 శాతం తేమ చాలు. నల్లగా వచ్చి కర్ర మెత్తబడితే మాత్రం పారేయండి.

కొమ్మ పెట్టి నెలైంది, పాము ఎక్కడం లేదు. ఎందుకు?

రాత్రి పదకొండు తర్వాత చూశారా? కార్న్ స్నేక్ ఎక్కువగా చీకట్లోనే తిరుగుతుంది. మనం నిద్రపోతుంటే అది పైన ఉంటుంది. పొద్దున కొమ్మ మీద కుబుసం ముక్కో, తెల్లటి యూరేట్ (పాము గట్టి మూత్రం) మరకో కనిపిస్తే సమాధానం దొరికినట్టే.

నిజంగానే ఎక్కకపోతే, ఎక్కువసార్లు కారణం పైన నాలుగు వైపులా ఖాళీగా ఉండటం. ఏ గద్దో తన్నుకుపోతుందన్న భయం పాముకి పుట్టుకతోనే ఉంటుంది. వట్టి కొమ్మ మీద అది బహిరంగంగా కూర్చోదు. ప్లాస్టిక్ ఆకుల తీగలు ఒకటి రెండు కొమ్మకి చుట్టి, ట్యాంకు వెనక, పక్కల బయటి నుంచి ముదురు రంగు కాగితం అతికించండి. దాక్కునే గూటి పక్కనుంచే కొమ్మ మొదలయ్యేలా, మరీ నిటారుగా కాకుండా ఏటవాలుగా పెట్టండి. కంకి విషయంలో ఆకులు పెట్టిన మూడో రాత్రే తేడా తెలిసింది.

కొత్తగా ఇంటికొచ్చిన పాముకైతే ఇంకా సమయం ఇవ్వండి. తిన్న తర్వాత రెండు రోజులు దాన్ని ఎత్తి కొమ్మ మీద పెట్టడం లాంటివి చేయకండి, తిన్నది కక్కేస్తుంది. అసలు ఎప్పుడూ మనం ఎత్తి పెట్టనక్కర్లేదు.

పిల్ల పాముకి?

పెన్సిల్ లావు రెమ్మలు, చాలా ఆకులు, చిన్న ట్యాంకు. ఆరు నెలలకోసారి లావు కొమ్మలకి మారండి. అంతే.

ఇండియాలో మా తమ్ముడు కూడా ఇలా పెంచుకోవచ్చా?

ఇది చాలామంది అడుగుతారు. మన నేల మీది పాములు, అంటే నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటివి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. వాటిని పట్టడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. పొలంలో దొరికిన పిల్ల జెర్రిపోతుకి కొమ్మ ఎలా పెట్టాలని ఒక అబ్బాయి ఫోన్‌లో అడిగాడు. దాన్ని దొరికిన చోటే వదిలేయమని చెప్పాను, అదే సరైన పని. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములు, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. అలాంటివి ఉన్నవాళ్లు 2022 చట్ట సవరణ, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

అమెరికాలో కూడా రాష్ట్రాన్ని బట్టి చూసుకోండి. అట్లాంటాలో ఉన్న మనవాళ్లు గమనించండి: కార్న్ స్నేక్ జార్జియా స్థానిక పాము కాబట్టి అక్కడ పెంచడం చట్టవిరుద్ధం. హవాయిలో ఏ పామూ కుదరదు.

కొమ్మల్ని ఎప్పుడెప్పుడు శుభ్రం చేయాలి, ఎన్నాళ్లు వాడొచ్చు?

మరక కనిపించిన రోజే తడిగుడ్డతో తుడవండి, ఎండితే బెరడులో ఇంకిపోతుంది. నెలకోసారి బయటికి తీసి వేడి నీళ్లతో తోమండి. పాముకి జబ్బు చేస్తే క్రిములు చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో కడిగి ఊరుకోకుండా ఆ కొమ్మ మార్చేయడమే మంచిది, కర్ర లోపలి దాకా మందు వెళ్లదు.

గట్టి ఓక్, మాంజనీటా ఏళ్లకేళ్లు ఉంటాయి. పొట్టు మొత్తం మార్చే ప్రతిసారీ నేను స్క్రూ డ్రైవర్ తీసుకుని బండ కింది స్క్రూలు మళ్లీ బిగిస్తాను. కర్ర ఆరేకొద్దీ కుంచించుకుపోయి అవి పావు చుట్టు వదులవుతాయి. తర్వాత డ్రైవర్ పిడితో కొమ్మ పొడవునా కొట్టి వింటాను. గట్టి కర్ర టంగుమంటుంది, లోపల పుచ్చిన చోట శబ్దం మూగబోతుంది. అలా మూగబోయిన కొమ్మని ఆ రోజే మారుస్తాను.